బీటెక్ చదువుతూ న్యూస్ వైపు వెళ్లాలంటే

"అన్నా, నా వాయిస్ బాగుంటదంటరు. నేను న్యూస్ రీడర్ అయితనా?" మన క్లబ్‌లో జూనియర్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. వాయిస్ ఉంటే మంచిదే, కానీ అది చివర్లో పనికొచ్చేది. ముందు కావాల్సినవి రెండు: చెవి కోసం రాయడం, చెప్పేముందు సరిచూసుకోవడం. ఈ రెండూ బీటెక్ చదువుతూనే నేర్చుకోవచ్చు.

1983 నవంబర్ 14న హైదరాబాద్ దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది శాంతిస్వరూప్. అప్పుడు టెలిప్రాంప్టర్ లేదు. స్క్రిప్టును ముందే కంఠస్థం చేసుకుని కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. అంటే ఆయన గొంతు వెనకాల రోజూ చేసిన ప్రిపరేషన్ ఉంది.

చెవి కోసం రాయడం

పేపర్లో అర్థం కాకపోతే మళ్లీ పైకెళ్లి చదువుకుంటాం. రేడియో, టీవీలో ఆ అవకాశం లేదు. మన జిల్లా వార్తనే తీసుకుందాం. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒక పేపర్ వాక్యం ఇలా ఉండొచ్చు:

"పసుపు బోర్డు ఏర్పాటు, ఎర్రజొన్నలకు గిట్టుబాటు ధర డిమాండ్లతో పెద్దసంఖ్యలో రైతులు నామినేషన్లు దాఖలు చేయడంతో నిజామాబాద్ స్థానంలో 185 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు."

ఇదే చెవికి:

"నిజామాబాద్‌లో ఈసారి పోటీలో ఉన్నది 185 మంది. వీళ్లలో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర రావాలి. అందుకే నామినేషన్ వేశామంటున్నారు."

ఒక వాక్యానికి ఒక్క విషయం. కష్టమైన క్రియ తీసేసి మాట్లాడే క్రియ పెట్టాం. రాసింది పైకి చదవండి. మధ్యలో ఊపిరి ఆగితే వాక్యం పొడుగైందని అర్థం.

సరిచూడటం

ఇక్కడ మనకు అడ్వాంటేజ్ ఉంది. ఆ ఎన్నికకు ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. ఎందుకు 12? ఒక యూనిట్‌లో 16 పేర్లు పడతాయి. 185 మందికి నోటా కలిపితే 186. పదకొండు యూనిట్లకు 176 పేర్లే, కాబట్టి పన్నెండోది తప్పదు. పాత ఎం2 మెషీన్‌కు నాలుగు యూనిట్లే కలపొచ్చు, అంటే 64 పేర్లు. అందుకే 24 యూనిట్ల దాకా కలిపే ఎం3 మెషీన్లు తెచ్చారు. ఈ నాలుగు లైన్లు రాయగలిగిన రిపోర్టర్ ఏ న్యూస్‌రూమ్‌కైనా కావాలి.

కానీ జాగ్రత్త. మెషీన్ వింత దగ్గరే ఆగిపోతే రైతు మాట పోతుంది. మా సిరికొండ, భీమ్‌గల్, ఆర్మూర్ వైపు ఇళ్లల్లో అడిగేది యూనిట్ల సంగతి కాదు, పసుపు ధర సంగతి. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది 2025 జనవరి 14న. ఎన్నికకూ దీనికీ మధ్య దాదాపు ఆరేళ్లు. కెమెరాలు వచ్చిపోయాక కూడా ఫైలు మూయకుండా అడుగుతూ ఉండే మనిషి కావాలి. ఆ మనిషి మనూరి నుంచి వస్తే మక్కలు, ఎర్రజొన్నలు, కల్లం అన్న మాటలు ఇంకొకరిని అడగక్కర్లేదు.

మన యాస అడ్డమని భయపడకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది పెద్ద చదువులు లేని ఊరి దళిత మహిళలు. వాళ్ల పంటల గురించి, విత్తనాల గురించి వాళ్ల మాటలోనే చెప్పారు. బులెటిన్‌కు ప్రామాణిక భాష నేర్చుకోండి, మనవాళ్ల దగ్గర బైట్ తీసుకునేటప్పుడు మాత్రం మన మాటలోనే అడగండి.

ఎక్కడ చదవాలి

బీటెక్ మానేయక్కర్లేదు. జర్నలిజం పీజీకి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. డిచ్‌పల్లి తెలంగాణ యూనివర్సిటీలో మాస్ కమ్యూనికేషన్ ఉంది. 1954లో మొదలైన ఉస్మానియా జర్నలిజం విభాగం ఉంది. వీటికి దారి సీపీగెట్. ఢిల్లీ ఐఐఎంసీలో రేడియో, టీవీ జర్నలిజం పీజీ డిప్లొమాకు సీయూఈటీ పీజీ రాయాలి. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటివి రాతపరీక్ష పెట్టి, స్టైపెండ్ ఇస్తూ నేర్పుతాయి. ఆకాశవాణి కేంద్రాలు అప్పుడప్పుడు క్యాజువల్ అనౌన్సర్లకు ఆడిషన్లు పెడతాయి. ఏ ఏడాది నోటిఫికేషన్ ఆ ఏడాదే పూర్తిగా చదవండి.

ఇంట్లో చెప్పేముందు

ఫీజు కట్టే అమ్మానాన్నలు "జీతమెంత?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మండలాల్లో పనిచేసే చాలామంది కంట్రిబ్యూటర్లకు నెల జీతం ఉండదు, పైగా యాడ్స్ తెమ్మంటారు. కాబట్టి చేరేముందే అడగండి: నెల జీతమా, వార్తకింతనా? యాడ్స్ టార్గెట్ ఉందా? అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారా? "ఐడీ కార్డు ఇస్తాం, డిపాజిట్ కట్టు" అంటే దండం పెట్టి వచ్చేయండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌కు కూడా ప్రిపేర్ అవుతూ ఉండండి. బ్యాకప్ ఉన్నవాడు తప్పుడు వార్త రాయమంటే కాదనగలడు.

ఈ సెమిస్టర్ పని

బోధన్ షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. దాని మీద ఒక్క నిమిషం రేడియో వార్త తయారు చేయండి. శక్కర్‌నగర్‌లో పాత కార్మికుడిని, చెరుకు వదిలి వేరే పంటకు మారిన రైతును, ఒక అధికారిని కలవండి. ముగ్గురినీ ఒకటే అడగండి: "ఇప్పుడు ఎట్లా నడుస్తుంది?" వాళ్లు చెప్పిన ప్రతి అంకెనూ ఇంకోచోట సరిచూడండి. ఫోన్‌లోనే రికార్డు చేసి, అడాసిటీలో కట్ చేయండి. ఫ్యాన్ ఆపి రికార్డు చేస్తే సగం నాయిస్ పోతుంది.

తర్వాత వార్తను ఇంట్లో పెద్దవాళ్లకు ఒక్కసారే వినిపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ రాయండి.