మనవడి ఊళ్లో రెండు నెలలు

సందేహాలు – సమాధానాలు

ఎండలు ముదిరే ముందు బెంగళూరు ప్రయాణాల గురించి పెద్దవాళ్ల నుంచి ఉత్తరాలు ఎక్కువగా వస్తాయి. వాటిలో నాలుగింటికి వృద్ధుల ఆరోగ్య నిపుణుల జవాబులు ఇవి.

ప్రశ్న: నాకు 66, మా ఆవిడకు 61. ఇద్దరం టీచర్లుగా రిటైరయ్యాం. అబ్బాయి వైట్‌ఫీల్డ్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంటాడు. ఏప్రిల్, మే నెలలు మనవరాలి దగ్గర గడపాలని ఉంది. పక్కనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుందామని నేనంటే, ‘కొడుకు ఇల్లుండగా అద్దె ఇల్లేమిటి, నలుగురూ ఏమనుకుంటారు’ అంటోంది ఆవిడ. ఎవరి మాట సరైనది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: పది రోజులకైతే ఆవిడ మాటే సరి. రెండు నెలలకైతే మీ మాట. మీరు తెల్లవారకముందే లేచి కాఫీ పెట్టుకుంటారు. వాళ్లు రాత్రి పది దాటాక కూడా మీటింగుల్లో ఉంటారు. ఒకే హాల్లో, ఒకే వంటింట్లో ఈ రెండు పద్ధతులూ సాగాలంటే ఎవరో ఒకరు రోజూ సర్దుకుపోవాలి. చాలా ఇళ్లలో ఆ ఒకరు కోడలే అవుతుంది.

అయితే ఈ సంగతి కోడలికి మీరే స్వయంగా, ముందుగా చెప్పండి. ఇంకొకరి నోట వింటే, తన మీద అలిగి వేరే దిగుతున్నారనుకుంటుంది.

ఇల్లు అదే అపార్ట్‌మెంట్ సముదాయంలో గానీ, పెద్ద రోడ్డు దాటకుండా నడిచి వెళ్లే దూరంలో గానీ ఉండాలి. అక్కడ మామూలుగా 11 నెలలకు ఒప్పందం రాస్తారు, కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. రెండు నెలలకు అది గిట్టుబాటు కాదు. సామాన్లతో సహా నెలవారీగా ఇచ్చే ఫ్లాట్లు చూడమనండి. లిఫ్టుకు జనరేటర్ ఉందా, బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కమ్మీ ఉందా, నీళ్లు కావేరివా, ట్యాంకర్‌వా అన్నది అబ్బాయి వెళ్లి చూసి రావాలి. 2024 వేసవిలో ఆ నగరం నీళ్లకు బాగా ఇబ్బంది పడింది.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి. కూతురి దగ్గరికి వెళ్తున్నాను. మనవడికి ఏడాదిన్నర. మందుల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: మీ జాగ్రత్త కంటే ముందు మనవడి జాగ్రత్త చెబుతాను. షుగర్‌కు వాడే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్ర ఒక్కటి మింగినా ఆ వయసు పిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ వెంటనే కాకుండా, కొన్ని గంటల తర్వాత కావచ్చు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా అంతే ప్రమాదం. పిల్లలకు ఇవి ఎక్కువగా దొరికేది అమ్మమ్మ చేతిసంచిలో, దిండు కింద, డైనింగ్ టేబుల్ మీద. రోజుల పేర్లతో ఉండే ప్లాస్టిక్ డబ్బాను పసివాడు కూడా తేలిగ్గా తీసేస్తాడు. తాళం పడే బీరువాలో పై అరలో పెట్టండి. వాడి ఎదుట మాత్ర వేసుకోవద్దు, దాన్ని ‘చాక్లెట్’ అనొద్దు.

మింగాడన్న అనుమానం వస్తే వాంతి చేయించకండి. హుషారుగానే ఉన్నాడు కదా అని ఆగకండి. మాత్రల అట్టతో సహా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అత్యవసరానికి 108, 112 ఉన్నాయి. విషాల గురించి సలహాకు ఢిల్లీ ఎయిమ్స్ కేంద్రం నంబరు 1800 116 117.

ఇక మీ సంగతి. రెండు నెలలకు సరిపడా మందులు, పైన పది రోజులవి తీసుకెళ్లండి. మందు అసలు పేరుతో చీటీ రాయించుకోండి, ఒకే మందు కంపెనీని బట్టి వేరే పేరుతో దొరుకుతుంది. చల్లగా ఉందని బీపీ మాత్ర మీరే తగ్గించుకోవద్దు. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల రూపాయల ఆస్పత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. అది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది. అమ్మాయి ఇంటి దగ్గర ఏ ఆస్పత్రి తీసుకుంటుందో 14555కు ఫోన్ చేసి బయల్దేరకముందే కనుక్కోండి.

ప్రశ్న: అమ్మాయి మళ్లీ ఉద్యోగంలో చేరింది. తొమ్మిది నెలల పాపను రోజంతా నేనే చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులు. కాదంటే బాధపడుతుందని భయం. పైగా తేనె నాకించొద్దు, ఉప్పు వేయొద్దు అంటుంది. మేం పిల్లల్ని పెంచలేదా?
– అమ్మమ్మ, కర్నూలు

జవాబు: తిండి విషయంలో అమ్మాయి మాటే సరైనది. ఏడాది నిండని పిల్లలకు తేనె ఇస్తే అందులోని సూక్ష్మక్రిమి బీజాల వల్ల బోటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఉప్పు, పంచదార కూడా ఏడాది వరకు అక్కర్లేదు. నలుగు పెట్టి నీళ్లు పోయండి, కానీ ముక్కులో, చెవిలో నూనె వేయకండి.

చాకిరీ విషయంలో మీ మాటే నిలబడాలి. ‘పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా నేను చూస్తాను, తర్వాత ఆయాను పెట్టుకో’ అని అమ్మాయికి సూటిగా చెప్పండి. మీరు మంచాన పడితే ఎక్కువ నష్టపోయేది ఆమే. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలన్న నిబంధన 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్ట సవరణతో వచ్చింది. ఆఫీసులో అడగమనండి. పాపను నేల మీంచి వంగి ఎత్తకండి. మంచం ఎత్తులో ఉంచి, ఒంటికి దగ్గరగా తీసుకుని ఎత్తుకోండి.

ప్రశ్న: నాలుగేళ్ల మనవడు ఫోన్ వదలడు. ఆ ఊళ్లో వాడితో, మాతో మేం ఎలా కాలక్షేపం చేయాలి?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఫోన్ లాక్కోవడం కంటే బయటికి తీసుకెళ్లడం మేలు. లాల్‌బాగ్‌లో సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి రాతిగుట్ట ఉంది. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య మ్యూజియం యంత్రాలు చూసి పిల్లలు కదలరు. 900 మీటర్ల ఎత్తున్న ఊరు కాబట్టి సాయంత్రాలు చల్లబడతాయి గానీ మధ్యాహ్నపు ఎండ గట్టిదే. లాల్‌బాగ్‌కైతే పొద్దున్నే వెళ్లి పదిలోపు తిరిగి రండి. వాడితో అచ్చంగా తెలుగే మాట్లాడండి. మీకంటూ రోజూ ఒక గంట నడక, నలుగురు స్నేహితులు ఉండాలి. ఆ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవ లేదు, పార్కులో పలకరించండి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. ఆ టికెట్లు తీసుకునే ముందే పిల్లలతో కూర్చుని మూడు సంగతులు తేల్చుకోండి: ఎక్కడ ఉంటారు, రోజుకు ఎన్ని గంటలు మనవల్ని చూస్తారు, ఒంట్లో బాగా లేకపోతే ఏ ఆస్పత్రికి వెళ్తారు. అడగడానికి మొహమాటపడకండి.