పాత ఇంజనుకు తగిన నూనె

బండి పాతబడినకొలదియు దానికి పోయు నూనెను గూర్చి సందేహములు కలుగుచుండును. “ఇంజను అరిగినది, చిక్కని నూనె పోయుడు” అను సలహా తరచుగా వినవచ్చును. ఇందు సత్యము కొంత కలదు; అపాయమును కలదు. ఇంజను చెడినచో పిల్లల చదువునకై దాచిన సొమ్ము మరమ్మతుకు పోవును. కావున ఈ విషయమును తల్లిదండ్రులకు విశదపరచ దలచితిమి.

డబ్బాపై 20డబ్ల్యు-50 వంటి గుర్తులుండును. ‘డబ్ల్యు’ అనునది ఆంగ్లమున శీతకాలమునకు గుర్తు. దాని ముందరి అంకె చిన్నదైనకొలది నూనె చలిలో సులభముగా పారును. రెండవ అంకె వేడెక్కిన నూనె చిక్కదనమును తెలుపును. దీనిని 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కొలుతురు. 40 కంటె 50 చిక్కనిది.

క్రాంకుషాఫ్టునకును బేరింగునకును నడుమ సన్నని సందు కలదు. అందు నూనెపొర నిలిచి, లోహము లోహమును తాకకుండ కాపాడును. అరుగుదలచే సందు పెరిగినచో పలుచని నూనె త్వరగా జారి, ఒత్తిడి తగ్గును. అట్టియెడ ఒక మెట్టు చిక్కని నూనె మేలు చేయును. మితిమీరి చిక్కనైనచో, చల్లారిన ఇంజనును స్టార్టు చేయునపుడు నూనె పైభాగములకు ఆలస్యముగా చేరి అరుగుదల హెచ్చును. పెట్రోలు ఖర్చును పెరుగును.

కావున ముందుగా బండితో వచ్చిన పుస్తకమున చెప్పిన నూనెనే వాడవలెను. పోతయినుప ఇంజను గల పాత రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టుకు 20డబ్ల్యు-50 వాడుటయే పరిపాటి. బళ్లారిలో గాని షోలాపురములో గాని మంచు కురియదు. మంచుదేశములకు అవసరమగు 0డబ్ల్యు నూనెను అట్టి బండికై అధికధర నిచ్చి కొన నక్కరలేదు.

బండి బాగుగా నడచుచున్నచో నూనెరకమును మార్చవలదు. కారులో ఎఱ్ఱని నూనెదీపము వెలిగినచో వెంటనే ఇంజను ఆపి, నూనె మట్టమును, కారుటను పరీక్షింపవలెను. అవి సరిగా నున్నచో మెకానిక్కుచే ఒత్తిడిని కొలిపించి, అది స్వల్పముగా తగ్గినదని తేలినపుడే ఒక మెట్టు చిక్కని నూనె పోయవలెను. నీలిపొగ వచ్చుట సాధారణముగా పిస్టను రింగులో, వాల్వు సీళ్లో అరిగిన గుర్తు. చిక్కని నూనె ఆ లోపమును కొంతకాలము కప్పిపుచ్చును గాని పోగొట్టదు.

నూనె మార్చిన తేదీని, నడచిన కిలోమీటర్లను ఒక పుస్తకమున వ్రాయుడు. ఆ పనిని పిల్లలకు అప్పగించినచో లెక్కయు, యంత్రజ్ఞానమును వారికి ఇంటియందే అలవడును.