మన వెబ్‌సైటుకు లింకులు ఎవరిస్తారు?

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో ఏ దరఖాస్తు పెట్టాలన్నా సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం తిరిగేవాళ్ళం. ఇప్పుడు చాలాచోట్ల స్వీయ ధ్రువీకరణ సరిపోతోంది కాబట్టి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ తిప్పలు తగ్గాయి. మన సర్టిఫికెట్ అసలుదే అయినా, పేరున్న ఇంకొకరు 'నిజమే' అంటేనే చెల్లేది. ఇంటర్నెట్‌లో లింకు చేసే పని దాదాపు ఇదే.

ఒక వెబ్‌సైటు గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్లలో పైకి కనబడేలా చేసే పనిని సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్, క్లుప్తంగా ఎస్.ఇ.ఓ. అంటారు. డిగ్రీ అవగానే ఈ పనిలో చేరుతున్నవారు మన హాస్టళ్ళలోనూ ఉన్నారు. చేరిన మొదటి వారంలోనే వారికి అప్పగించే పని లింకులు తెమ్మని. ఎలా తేవాలో మాత్రం సరిగా చెప్పేవారు తక్కువ.

లింకులకు ఇంత విలువ ఎందుకొచ్చింది? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రచురించిన పత్రంలో పేజ్‌ర్యాంక్ అనే లెక్కను వివరించారు. ఒక పరిశోధన వ్యాసాన్ని ఎందరు ఉదహరిస్తే దానికి అంత విలువ అన్న పాత పద్ధతినే వారు వెబ్ పేజీలకు వర్తింపజేశారు. అయితే అన్ని లింకులూ సమానం కావు. విలువైన పేజీ నుండి వచ్చిన లింకుకు బరువెక్కువ. ఆ పేజీ ఎంతమందికి లింకులిస్తే ఆ బరువు అన్ని వాటాలవుతుంది. అడిగిన ప్రతివారికీ సంతకం పెట్టే ఆఫీసరు సంతకానికి ఏం విలువుంటుంది? నేడు గూగుల్ ఇంకా ఎన్నో అంశాలు చూస్తుంది కానీ, లింకును మాత్రం వదిలిపెట్టలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే కుటుంబం ఒక వెబ్‌సైటు పెట్టుకుందనుకోండి. అందులో బొమ్మల ఫొటోలు, ధరలు, ఫోన్ నంబరు మాత్రమే ఉంటే దానికి ఎవరు లింకిస్తారు? ధరల పట్టికను చూసి సిఫారసు చేసేవారుండరు. అదే సైటులో బొమ్మ తయారీపై ఒక మంచి పేజీ పెట్టమనండి. అంకుడు కర్రను లేతుపై తిప్పుతూ లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి బొమ్మకు ఎలా అంటుకుంటుందో దశలవారీగా ఫొటోలు తీయాలి. పసుపు నుండి పసుపు రంగు, నీలిమందు నుండి నీలం, జాఫ్రా గింజల నుండి నారింజ రంగు ఎలా వస్తాయో ఒక పట్టిక వేయాలి. ఇవన్నీ ఆ ఇంట్లోవారికి రోజూ చేసే పనులే, బయటివారికి మాత్రం ఎక్కడా దొరకని సమాచారం. బడిలో ప్రాజెక్టు చేయించే టీచరు, డిజైన్ కాలేజీ విద్యార్థి, పత్రికా విలేకరి ఆ పేజీని తప్పక చూపిస్తారు. ఫొటోల కింద 'మా సైటు లింకు ఇచ్చి ఉచితంగా వాడుకోవచ్చు' అని ఒక్క వాక్యం రాస్తే ఇంకా మంచిది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. అలాంటి సందర్భం వచ్చాక రాయడం మొదలుపెడితే ఆలస్యమే, పేజీ ముందే సిద్ధంగా ఉండాలి.

రెండో ఉపాయం మాకు అన్నిటికన్నా నచ్చినది. పాత వెబ్‌సైట్లలో ఎన్నో లింకులు చచ్చిపోయి ఉంటాయి, నొక్కితే ఏమీ తెరుచుకోదు. హస్తకళల గురించిన పేజీలలో అలాంటివి వెతకండి. అక్కడ ఒకప్పుడు ఏముండేదో ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో చూడవచ్చు. దానికి సమానమైన పేజీ మన దగ్గరుంటే ఆ సైటు నిర్వాహకులకు ఇలా ఒక ఉత్తరం రాయాలి:

'అయ్యా, మీ హస్తకళల పేజీలో మూడో లింకు పనిచేయడం లేదు. లక్క బొమ్మల తయారీపై మేము ఫొటోలతో ఒక పేజీ రాశాం. మీ పాఠకులకు పనికొస్తుందనిపిస్తే చూడగలరు.'

ఇంతే చాలు. పొగడ్తలు, బతిమాలడాలు వద్దు. పది ఉత్తరాలకు ఒక్క జవాబు రాకపోయినా నిరుత్సాహపడవద్దు.

మన పేరు రాసి లింకు ఇవ్వడం మరచినవారు కూడా ఉంటారు. పేరును కోట్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే దొరుకుతారు. వారిని అడగడం అన్నిటికన్నా సులువు.

ఇక కొనుక్కునే లింకుల సంగతి. 'వెయ్యి బ్యాక్‌లింకులు, తక్కువ ధరకే' అనే ప్రకటనలు మీకూ కనబడతాయి. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి.పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థకు సంబంధం లేని వేల పేజీల నుండి లింకులు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. గూగుల్ ఆ సంస్థను ఫలితాలలో అడుగుకు నెట్టింది. సంస్థ తనకేమీ తెలియదని చెప్పి, ఎస్.ఇ.ఓ. పని చూసే ఏజెన్సీని తొలగించింది. తమ్ముళ్ళూ, ఆ ఏజెన్సీ కుర్చీలో రేపు కూర్చునేది మీరే కావచ్చు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన పెంగ్విన్ మార్పుతో ఇలాంటి లింకులున్న సైట్లెన్నో దెబ్బతిన్నాయి. పెద్ద సంస్థ తట్టుకుంటుంది, బొమ్మలమ్ముకునే కుటుంబం తట్టుకోలేదు.

వ్యాఖ్యలలో లింకులు అతికించడం కూడా దండగ పనే. 2005 జనవరిలోనే గూగుల్, యాహూ, ఎం.ఎస్.ఎన్. కలిసి 'నోఫాలో' అనే గుర్తును తెచ్చాయి. ఆ గుర్తున్న లింకును సిఫారసుగా లెక్కించనవసరం లేదని దాని అర్థం. వికీపీడియా నుండి బయటకు వెళ్ళే లింకులకూ ఆ గుర్తు ఉంటుంది. కాబట్టి అక్కడ లింకు దూర్చి లాభం లేదు.

వచ్చిన లింకులను గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఎడమవైపు జాబితాలో 'లింక్స్' అని ఉంటుంది. ఫలితానికి నెలలు పడుతుంది. కాబట్టి ఉత్తరం ఎవరికి, ఏ తేదీన రాశామో, ఏం జవాబు వచ్చిందో ఒక నోటుబుక్కులో గీతలు కొట్టుకుని రాసుకోండి. ఒకరికే రెండుసార్లు రాయకుండా ఉండటానికి అదే పనికొస్తుంది.