తప్పు కంపైలర్‌దేనా? ముందు రుజువు చూపండి

ఫలక్‌నుమాలో లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కితే రైలు మారకుండానే హైటెక్ సిటీలో దిగొచ్చు. ఆ దారిన ఇంటర్వ్యూలకు వెళ్లే పాతబస్తీ డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు రెజ్యూమెలో రాసుకునే భాషల జాబితా కన్నా అక్కరకొచ్చే నేర్పు ఒకటుంది. ప్రోగ్రాం ఇచ్చిన దశాంశ సంఖ్యలో తేడా వస్తే, అది ఎక్కడ పుట్టిందో రుజువుతో చూపించగలగడం. ల్యాబ్‌లో సరిగా వచ్చిన జవాబు సొంత ల్యాప్‌టాప్‌లో మారిపోగానే ‘కంపైలర్ బగ్’ అనేయడం తేలికే. ఆ మాట అనే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఇంటర్వ్యూలో అనుభవమున్న ఇంజినీరు మీలో వెతికేది ఆ నేర్పునే.

అనుమానం మొదట సొంత కోడ్ మీదే ఎందుకు పడాలంటే, ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. డబుల్ సంఖ్యను స్కాన్‌ఎఫ్‌తో చదివేటప్పుడు ‘పర్సెంట్ ఎల్ఎఫ్’ బదులు ‘పర్సెంట్ ఎఫ్’ రాస్తే చెత్త విలువ వస్తుంది. వార్నింగులన్నీ ఆన్ చేస్తే జీసీసీ కంపైలరే ఆ సంగతి చెబుతుంది. విలువ ఇవ్వకుండా వాడిన వేరియబుల్ ఆప్టిమైజేషన్ లేనప్పుడు బుద్ధిగా ఉండి, ఓ-టూ స్థాయి ఆప్టిమైజేషన్‌లో బయటపడుతుంది. ఇవేవీ కాకపోయినా, 0.1ని బైనరీలో కచ్చితంగా రాయలేం. అందుకే 0.1కి 0.2 కలిపి 17 అంకెల్లో ప్రింట్ చేస్తే 0.30000000000000004 కనిపిస్తుంది. ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం ప్రకారం అదే సరైన జవాబు. జీసీసీ బగ్ జాబితాలో 2000లో నమోదైన 323వ నంబరు ఫిర్యాదును ప్రతి విద్యార్థీ చదవాలి. దాని సారం ఇదీ: పాత ప్రాసెసర్లలోని ఎక్స్87 యూనిట్ 80 బిట్లలో లెక్కగట్టి, మెమరీలో పెట్టేటప్పుడు 64 బిట్లకు కుదించేది. ఆప్టిమైజేషన్‌ను బట్టి ఏ విలువ మెమరీలోకి వెళ్తుందో మారేది. దాంతో సమానం కావాల్సిన సంఖ్యలు సమానమయ్యేవి కావు. కొత్తగా కనిపెట్టామనుకుని ఎంతోమంది అదే ఫిర్యాదును మళ్లీ మళ్లీ పంపారు.

64-బిట్ యంత్రాల్లో ఎస్ఎస్ఈ రిజిస్టర్ల వాడకం వచ్చాక ఆ బెడద తగ్గింది కానీ ఎఫ్ఎంఏ అనే ప్రాసెసర్ ఆదేశంతో కొత్త తేడా మొదలైంది. ఇది గుణకారం, కూడిక కలిపి చేసి ఒక్కసారే రౌండ్ చేస్తుంది. కీబోర్డు నుంచి ఎక్స్, వై రెండింటికీ 0.1 ఇచ్చి, ఎక్స్ వర్గంలోంచి వై వర్గం తీసేయండి. మామూలు లెక్కలో సున్నా వస్తుంది, ఎఫ్ఎంఏ వాడే ఏఆర్ఎం ల్యాప్‌టాప్‌లో అతిచిన్న సంఖ్య మిగలొచ్చు. కంపైలర్‌లో ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఆప్షన్‌ను ఆఫ్ చేయగానే సున్నా వస్తే కారణం చేతికి చిక్కినట్టే. ఒకసారికి ఒక్కటే మార్చడం ఇక్కడ కీలకం. ఆప్షన్, కంపైలర్, యంత్రం మూడూ ఒకేసారి మారిస్తే ఏదీ తేలదు.

‘కంపైలర్లలో నిజంగా తప్పులుండవా?’ అని అడగొచ్చు. ఉంటాయి. సీస్మిత్ అనే పరికరంతో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 325కు పైగా తప్పులను బయటపెట్టి 2011లో ప్రకటించారు. అప్పటిదాకా తెలియని తప్పులవి. అయితే వాళ్ల మాట నిలిచింది చిన్న కోడ్ ముక్కలతో నిరూపించినందుకే. తప్పు చిప్‌దే అయినా పద్ధతి అదే. 1994లో థామస్ నైస్లీ అనే గణిత ఆచార్యుడికి కవల ప్రధాన సంఖ్యల లెక్కలో తేడా కనిపించింది. నెలల తరబడి మిగతా కారణాలన్నీ కొట్టేశాకే పెంటియం చిప్ భాగహారాన్ని వేలెత్తి చూపాడు. ఆ చిప్ తయారుచేసిన ఇంటెల్‌కు ఈ లోపం వల్ల పడిన ఖర్చు 47.5 కోట్ల డాలర్లు.

‘ఫ్రెషర్‌కు వెబ్ పేజీల పనే ఇస్తారు కదా, ఇదంతా ఎందుకు?’ అన్నది బలమైన అభ్యంతరమే. తొలి ఉద్యోగం అదే కావచ్చు. కానీ బిల్లు మొత్తంలో పైసా తేడా వచ్చినా వెతికే పద్ధతి ఇదే. చిప్ కంపెనీల కంపైలర్, టెస్టింగ్ బృందాల్లోకి వెళ్లాలనుకునేవారికైతే ఇది నిత్యకృత్యం. జీసీసీ, క్లాంగ్ రెండూ ఉచితం, పాత కంప్యూటర్ చాలు. తేడా చూపే కోడ్‌ను ఇరవై లైన్లలోపుకి కుదించి, కంపైలర్ వెర్షన్, ఇచ్చిన కమాండ్, రావాల్సిన విలువ, వచ్చిన విలువ పక్కన రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. చివరికి తప్పు మీ కోడ్‌దేనని తేలినా దాన్ని తీసేయకండి. ఎలా తేల్చారో కూడా అక్కడే రాయండి.