పొదుపు చేసినవాళ్లకు వాటా ఉందా?

సందేహాలు – సమాధానాలు

సోలాపూర్‌ను ఆనుకుని ఉన్న కుంభారి నుంచి ఈసారి ఉత్తరాలు కట్టగా వచ్చాయి. బీడీ కార్మికులు 2006లో అడుగుపెట్టిన ఇళ్ల కాలనీ గోదూతాయి పరుళేకర్ ఘర్‌కుల్, 2024 జనవరిలో ఇళ్ల తాళాలు చేతికొచ్చిన రే నగర్, అక్కల్‌కోట్ రోడ్డు మీది సాంచాల (మరమగ్గాల) షెడ్లు... అన్ని చోట్ల నుంచీ ఒకటే గోడు: కరెంటు ఆదా చేయమంటే ఎవరూ వినడం లేదని. ఎక్కువ మందికి పనికొచ్చే ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను.

*

ఎంఐడీసీ పారిశ్రామికవాడలో నాకు 24 సాంచాలున్నాయి. టవల్స్ నేయిస్తాను. రెండేళ్ల కిందట ట్యూబులైట్లన్నీ తీసేసి ఎల్ఈడీలు పెట్టించా. "విద్యుత్తు ఆదా చేయండి" అని తెలుగులో, మరాఠీలో బోర్డులు కూడా రాయించా. బిల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పనివాళ్లకు బాధ్యత లేదు. ఏం చేయమంటారు?
– ఒక ఆసామి, అక్కల్‌కోట్ రోడ్డు

బోర్డుల సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం. చోకుతో వెలిగే పాత ట్యూబులైటు యాభై వాట్ల పైచిలుకు తింటుంది, ఎల్ఈడీ ట్యూబు ఇరవై. ముప్పై ట్యూబులు మార్చితే మీకు తగ్గింది ఒక కిలోవాటు. సాంచాకు ఒక హార్స్‌పవర్ మోటారు వేసుకున్నా, 24 మోటార్లు నిండు భారం మీద ఇరవై కిలోవాట్లు దాటి లాగుతాయి. మీరు పొదుపు చేసింది బిల్లులో చిన్న ముక్క దగ్గర. పెద్ద ముక్కను ఎవరూ ముట్టుకోలేదు.

మోటార్లలో ఎన్నిటికి రీవైండింగ్ అయిందో రాసుకోండి. కాలిపోయిన మోటారుకు తీగ మళ్లీ చుట్టించినప్పుడల్లా సామర్థ్యం ఒకటి రెండు శాతం పడిపోవచ్చు. మూడోసారీ చుట్టించిన మోటారు తక్కువ ఖర్చుతో బతికినట్టే కనిపిస్తుంది గానీ, ఆ మిగిలిన డబ్బును నెలనెలా కరెంటు పంపిణీ సంస్థ మహావితరణ్‌కు కడుతుంటారు. అన్నీ ఒక్కసారే మార్చక్కర్లేదు. ఏది కాలితే దాని స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే ఐఈ3 గుర్తున్నది వేసుకుంటూ పోండి. బెల్టులు వదులైతే జారి వేడెక్కుతాయి, మరీ బిగిస్తే బేరింగులు తింటాయి. వారానికోసారి జాబర్ (సాంచాల మెకానిక్) చేత చూపించండి. కెపాసిటర్లు బిగించి ఏళ్లయి ఉంటే అవి ఇంకా పని చేస్తున్నాయో లేదో పరీక్ష చేయించండి. ఎంతోమంది షెడ్లలో అవి గోడకు వేలాడే అలంకారాలు.

ఇక "బాధ్యత లేదు" అన్న మాట. దీన్ని నేను ఒప్పుకోను. మీ దగ్గర కూలి పీసు లెక్కన కదా. పోగు తెగినా, కండె అయిపోయినా నేతగాడు హ్యాండిల్ లాగి సాంచా ఆపుతాడు. చాలా పాత సాంచాల్లో అప్పుడు కూడా మోటారు ఉత్తగా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపాలంటే గోడ దగ్గరున్న స్విచ్చు దాకా నడవాలి, మళ్లీ వచ్చి ఆన్ చేయాలి. ఆ నడక అతని పీసుల్లోంచి పోతుంది, మిగిలేది మీ బిల్లులో. ఇలాంటి బేరానికి మీరైనా ఒప్పుకుంటారా? ఉత్తగా తిరిగే మోటారు పావు కిలోవాటు తీసుకుంటుందని, పోగులు అతకడం, భీము మార్చడం, టీ, భోజనం కలిపి ఒక్కో సాంచా రోజుకు రెండు గంటలు అలా తిరుగుతుందని అనుకుందాం. 24 సాంచాలకు రోజుకు 12 యూనిట్లు, 25 పనిదినాలకు 300 యూనిట్లు. మీ బిల్లులోని ధరతో గుణించుకోండి.

చేయాల్సినవి రెండు. స్విచ్చును గోడ మీంచి సాంచా మీదికి, చెయ్యి అందేచోటికి తెప్పించండి. తర్వాత వంద టవల్స్‌కు ఎన్ని యూనిట్లు పడుతున్నాయో నెలనెలా పలక మీద రాయండి. తగ్గినదాంట్లో సగం షెడ్డులోని నేతగాళ్లకు, కండెలు చుట్టేవాళ్లకు పంచండి. మొత్తం యూనిట్లు చూడొద్దు, ఆర్డర్లు తగ్గిన నెలలో బిల్లు తగ్గితే అది పొదుపు కాదు. ఇంకో హెచ్చరిక: మే నెలలో 43 డిగ్రీల ఎండకు రేకుల కింద నిలబడ్డవాడి ఫ్యాను జోలికి మాత్రం వెళ్లకండి. రేకుల మధ్య వెలుగునిచ్చే పారదర్శక షీట్ల మీద పేరుకున్న దూదిని దులిపిస్తే పగటిపూట సగం లైట్లు వాటంతటవే అక్కర్లేకుండా పోతాయి.

*

మాది కుంభారి దగ్గరి బడి. పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఏటా డిసెంబరు 14న ఇంధన పొదుపు దినం చేస్తాం. వ్యాసాలు, బొమ్మలు, నినాదాలు చక్కగా వస్తాయి. మరుసటి రోజు ఖాళీ తరగతిలో ఫ్యాన్లు మామూలుగా తిరుగుతుంటాయి. పిల్లల మనసుకు ఎక్కేలా ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయిని

బొమ్మల పోటీలను తీసిపారేయను. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దేశమంతటా 2005 నుంచి నడుపుతోంది, పిల్లలకు ఇష్టం కూడా. కానీ నీటిబొట్టుకు కళ్లు, బల్బుకు చిరునవ్వు గీసిన పిల్లకు యూనిట్ అంటే ఎంతో తెలియకపోతే ఆ బొమ్మ అక్కడితో ఆగిపోతుంది. యూనిట్‌ను కంటికి చూపించండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో ఒక అంకె. దీపం అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. మీ మీటరుది 3200 అనుకుందాం. మిగతావన్నీ ఆపి 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటే తిప్పితే నిమిషానికి 4 మిణుకులు. బీఎల్‌డీసీ రకం, 30 వాట్ల ఫ్యాను అయితే అయిదు నిమిషాలకు 8. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బుకు రెండు నిమిషాలకు ఒక్కసారి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టండి, దాదాపు సెకనుకొకటి! ఏడో తరగతి పిల్లలకు గుణకారం, భాగహారం, నిష్పత్తి అన్నీ ఇందులో వచ్చేస్తాయి. ఒకరు గడియారం చూడాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. మీటరును, తీగలను తాకకూడదన్న నియమం మొదటి రోజే గట్టిగా చెప్పండి. చూడటమే పని.

తర్వాత వాళ్లను ఇంటి మీటరు దగ్గరికి పంపండి. ఇక్కడ మీ పిల్లలకు ఒక సౌకర్యం ఉంది. బిల్లు మరాఠీలో వస్తుంది, ఇంట్లో అమ్మమ్మకో అమ్మకో చదవడం రాదు. చదివి తెలుగులో చెప్పగలిగింది ఆ పిల్లే. మహావితరణ్ గృహ బిల్లులో 100 యూనిట్ల దాకా ఒక ధర, ఆపైన ప్రతి యూనిట్‌కూ దాదాపు రెట్టింపు. ఈ ఒక్క సంగతి పిల్ల నోట ఇంట్లో వినబడితే మీ నినాదాలన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది. నెలలో ఇరవయ్యో రోజుకు మీటరు ఎన్ని యూనిట్లు చూపిస్తోందో చెప్పడం ఆ పిల్ల పని. 100లోపు ఆగాలా, దాటాలా అన్నది పెద్దల ఇష్టం.

తరగతికొక "కరెంటు లీడర్"ను పెట్టి తోటివాళ్ల తప్పులు రాయించే పద్ధతి కొన్ని బళ్లలో ఉంది. నాకు నచ్చదు. దాంతో స్నేహాలు చెడతాయి తప్ప ఫ్యాన్లు ఆగవు. దానికి బదులు బడి బిల్లులో మిగిలిన సొమ్ముతో పిల్లలు అడిగింది ఒకటి, క్రికెట్ బ్యాటో కథల పుస్తకాలో, కొనిపెట్టమని ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి చూడండి.

*

సార్, గోదూతాయి ఘర్‌కుల్‌ల ఉంటం. నేను, మా అత్త బీడీలు చేస్తం. పొద్దుగూకినంక కూడ లైటు కింద చేస్తనే ఉంటం. మా పోరడు బడిలో ఏం విన్నడో గాని, ఇంటికొచ్చి లైటు బంద్ చేస్తుండు, కరెంటు ఆదా చేయాలె అంటుండు. వాని మాట వినాల్నా? ఇంకోటి, ఆకు కత్తిరించినంక మిగిలిన తుక్కుతోని నీళ్లు కాగబెడతం. అది మంచిదేనా?
– ఒక బీడీ కార్మికురాలు

వినొద్దమ్మా. ఆ లైటు మీ కూలి. తొమ్మిది వాట్ల బల్బు పది గంటలు వెలిగినా యూనిట్‌లో పదో వంతు కాదు. వెలుతురు చాలక ఆకు తప్పు కోసి, చాట్ (పనికిరాని) బీడీలని కార్ఖానాలో తిరగ్గొడితే పోయేది అంతకన్నా ఎక్కువ. కళ్లు పోతే దానికి లెక్కే లేదు. బల్బును ఎక్కడో పైకప్పుకు కాకుండా చేట మీద పడేట్టు కిందికి వేలాడదీయండి, అదే బల్బు రెండింతల వెలుగిస్తుంది. మీ అబ్బాయిని మాత్రం కోప్పడకండి. "లైటు కాదు బిడ్డా, ఫ్యాను చూడు" అనండి.

మీ ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువసేపు తిరిగేది ఫ్యానే. పగలంతా ఇంట్లోనే పని కాబట్టి రోజుకు పన్నెండు గంటలు తక్కువ కాదు. పాత ఫ్యాను చెడిపోతే రీవైండింగ్ చేయించకండి. దాని బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను కొనండి. ధర ఎక్కువే, కానీ నెలకు పదహారు యూనిట్లు తగ్గుతాయి. నెలకు 100 యూనిట్లు దాటిన ఇంట్లో అవి ఖరీదైన యూనిట్లే.

అంతకన్నా ముందు స్లాబు సంగతి. ఎండాకాలం స్లాబు రాత్రి పది దాకా వేడి కక్కుతుంది, అందుకే ఫ్యాను వేడి గాలి కొడుతుంది. మార్చిలోనే మిద్దె ఊడ్చి, తెల్ల సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు వేయించండి. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమని ఒకటి తెచ్చింది, దాని మూలం కూడా ఇదే సంగతి. వానకు సున్నం పోతుంది, మళ్లీ ఏటా వేయాల్సిందే. ఇరుగుపొరుగు పది ఇళ్లు కలిస్తే కూలి తక్కువ పడుతుంది.

తుక్కు సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. వట్టి ఆకు ముక్కలు కట్టెల్లాంటివే, ఆరుబయట పొయ్యిలో వేస్తే నీళ్లు కాగుతాయి. కానీ మీ తుక్కులో ఆకు ఒక్కటే ఉండదు, జర్దా పొడి కలిసి ఉంటుంది. ఆ పొగ మంచిది కాదు, పసిపిల్లలున్న ఇంట్లో అసలే కాదు. ఆకు కత్తిరించే చోటు, జర్దా నింపే చోటు వేరు చేయండి. ఆకు ముక్కలు ఒక సంచిలోకి, జర్దా కలిసిన ఊడుపు చెత్తబండికి. పొయ్యి మాత్రం ఇంటి లోపల వద్దు.

*

రంగు కార్ఖానాలో నీళ్లు కాచడానికే కట్టెలు బండ్ల కొద్దీ పోతున్నాయి. కట్టెల పొదుపు కూడా ఇంధన పొదుపు కిందికి వస్తుందా?
– ఒక రంగుల పనివాడు

వస్తుంది, మీ కార్ఖానాలో అదే అసలు పొదుపు. వెయ్యి లీటర్ల నీళ్లను 30 డిగ్రీల నుంచి 90కి తేవాలంటే 60 వేల కిలోకేలరీలు కావాలి. ఎండిన కట్టె కిలోకు 3500 ఇస్తుందనుకుంటే, వేడిలో 30 శాతమే నీళ్లకు చేరే పొయ్యి మీద 57 కిలోలు కాలుతాయి. సగం చేరే పొయ్యి అయితే 34 చాలు. పచ్చి కట్టె తన తడిని తానే ఆరబెట్టుకోవడానికి మంట తినేస్తుంది, కాబట్టి రెండు నెలల కట్టె నీడన నిలవ పెట్టమని సేఠ్‌ను అడగండి. గంగాళానికి మూత, పక్కలకు మట్టి పూత. సోపింగ్ (సబ్బునీళ్ల కడుగుడు) అయ్యాక కాలువలోకి పోయే వేడి నీళ్లను ఒక తొట్టిలో ఆపి, అందులోంచి చుట్టలుగా గొట్టం వేసి కొత్త నీళ్లు పంపితే అవి గోరువెచ్చగా పొయ్యి ఎక్కుతాయి. దీనికి సేఠ్ డబ్బు పెట్టాలి. మూత మాత్రం మీ చేతిలోనిదే.

*

హోట్గి దగ్గర ఎన్‌టీపీసీ వాళ్ల 1320 మెగావాట్ల బొగ్గు ప్లాంటు రాత్రీ పగలూ నడుస్తుంటే, నేను ఫ్యాను ఆపితే భూమి చల్లబడుతుందా? పేదవాళ్లకే ఎందుకీ నీతులు?
– ఒక యువకుడు, రే నగర్

మీ కోపంలో న్యాయముంది. మీ ఒక్క ఫ్యానుకు 660 మెగావాట్ల యూనిట్ ఆగదు, అక్కడి కరెంటు గ్రిడ్‌లో కలిసి ఎక్కడెక్కడికో పోతుంది. నెలకు ఎనభై యూనిట్లు వాడే ఇంటికి, వెయ్యి వాడే ఇంటికి ఒకే ఉపన్యాసం ఇవ్వడం నాకూ గిట్టదు. అసలు పెద్ద మార్పులు నినాదాలతో రాలేదు, నిబంధనలతో వచ్చాయి. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది, ఇక నాసిరకం ఫ్యాను దుకాణానికి రావడమే కష్టం. నిజానికి మన సంఘాలు, పాలకులు పట్టుబట్టాల్సింది అలాంటి వాటి మీదే.

అయితే ఇంకో లెక్క కూడా చూడండి. ఆ ప్లాంటుకు నీళ్లు ఉజని డ్యాము నుంచి వస్తాయి. సోలాపూర్ కుళాయిల్లోకి కొన్ని రోజులకోసారి వచ్చేవీ ఎక్కువగా ఆ డ్యాము నీళ్లే. 2017 తర్వాత మొదలైన బొగ్గు ప్లాంట్లు యూనిట్‌కు 3 లీటర్లకు మించి నీళ్లు వాడకూడదని కేంద్ర నిబంధన. మీ పక్కన గోదూతాయి ఘర్‌కుల్‌లో పది వేల ఇళ్లు. ఇంటికొక పాత ఫ్యాను మారి 45 వాట్లు తగ్గితే 450 కిలోవాట్లు. రోజుకు ఎనిమిది గంటలు తిరిగినా 3,600 యూనిట్లు, నిబంధన లెక్కన 10,800 లీటర్ల నీళ్లు. భూమి సంగతి అలా ఉంచండి, పది వేల ఇళ్ల బిల్లులు తగ్గుతాయి, సాయంత్రం వేళ ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గుతుంది. పది వేల ఫ్యాన్లు ఒక్కసారే కొంటామంటే కంపెనీ ధర తగ్గించదా? ఆ బేరానికి ముందు నిలబడాల్సింది మీలాంటి కోపమున్న కుర్రవాళ్లే.

*

మిద్దె మీద సోలార్ పెట్టించుకోవచ్చా? ఎంత పెద్దది కావాలి?
– ముగ్గురు రాసిన ప్రశ్న

నెలకు 100 యూనిట్లలోపు వాడే ఇంటికి ఒక కిలోవాటు చాలు. రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, నీడ పడని నూరు చదరపు అడుగుల చోటు కావాలి. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు ఆపైన 78 వేలు సబ్సిడీ. ముందు ఇల్లు, మీటరు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోండి. అత్తగారి పేరున ఇల్లు, చనిపోయిన మామగారి పేరున మీటరు ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మిద్దె ఉమ్మడిదైతే పొరుగువాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. సాంచాల షెడ్లకు దగ్గరున్న ఇళ్లలో పలకల మీద దుమ్ము, దూది త్వరగా పేరుకుంటాయి. వారానికోసారి తెల్లవారగానే, పలకలు వేడెక్కకముందు, తడిపి పిండిన గుడ్డ కట్టిన కర్రతో తుడవండి. రెండు చెంబుల నీళ్లు చాలు.