అంకె చోటు

ఇంట్లో కరెంటు పోయింది. అంతా చీకటి. అయినా ఉప్పు జాడీ మీద మీ చెయ్యి నేరుగా పడుతుంది. ఏది ఎక్కడుందో మనసులో ఉంది కదా! దీన్ని చోటు జ్ఞాపకం అందాం.

ముగ్గుకూ ఇదే కావాలి. పక్కింటి ముగ్గు ఒకసారి చూసి వస్తాం. ఏడు వరుసలు, వరుసకు ఏడు చుక్కలు. మొత్తం 49. ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో మనకు గుర్తుంటుంది.

లెక్కలకు దీనితో పనేమిటి అంటారా? చూడండి. 46కు 7 కలపాలి. 7ను 6 కింద రాస్తే 53 వస్తుంది. పిల్లవాడు 7ను 4 కింద రాశాడు. 116 వచ్చింది. వాడికి కూడిక రాదా? వచ్చు. నాలుగూ ఏడూ పదకొండు అని సరిగానే కూడాడు. తప్పింది అంకె చోటు.

"నూట అయిదు రాయి" అంటే కొందరు పిల్లలు 1005 రాస్తారు. ముందు నూరు వినబడింది, తర్వాత అయిదు వినబడింది. విన్నది విన్నట్టు రాశారు. చివరి సున్నా చోటులోనే అయిదు కూర్చోవాలని వాళ్లకు తట్టలేదు.

బ్రిటన్‌లో ఆలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ అనే శాస్త్రవేత్తలు 1974లో ఒక సంగతి చెప్పారు. పని చేసేటప్పుడు మనసులో కాసేపు పట్టి ఉంచుకునే జ్ఞాపకం అంతా ఒకే సంచి కాదట. మాటలను పట్టి ఉంచేది వేరు. చూసినవాటిని, వాటి చోట్లను పట్టి ఉంచేది వేరు. లెక్కల్లో వెనకబడే పిల్లల్లో కొందరికి ఈ రెండోది తక్కువగా ఉంటుందని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అందుకే పాట ఒక్కసారికే పట్టేసే పిల్ల కూడా లెక్క దగ్గర ఏడుస్తుంది. అది మొద్దుతనం కాదు. కొడితే పోయేదీ కాదు.

మన మార్కాపురం పలక మీద ఎన్నో ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దారు. 1980లలో మాత్రం మన దగ్గర చాలామంది పిల్లలు ఆ పలకల పనిలోనే ఉండేవాళ్లు. పలక చేసిన చేతికి బలపం అందలేదు. "లెక్కలు రావు, దీనికి బడెందుకు" అని ఇవాళ ఏ పిల్లనైనా మానిపిస్తే మళ్లీ అదే అవుతుంది.

ఒక పలక తీసుకోండి. మేకుతో రెండు నిలువు గీతలు గీయండి. మూడు గదులు అవుతాయి. ఎడమ నుంచి వందలు, పదులు, ఒకట్లు. ఒక గదిలో ఒక అంకే రాయాలి.

చీపురు పుల్లలు కూడా తెచ్చుకోండి. పది పుల్లలకు ఒక కట్ట. 46 అంటే 4 కట్టలు, 6 విడి పుల్లలు. ఇంకో 7 పుల్లలు కలపండి. విడివి 13 అయ్యాయి. అందులో పదింటిని కట్ట కట్టి పదుల గదిలో పెట్టమనండి. 5 కట్టలు, 3 పుల్లలు. పిల్ల తన చేత్తోనే పెట్టాలి. మనం పెట్టి చూపిస్తే చాలదు.

వామనగుంటలు ఆడించండి, మంచిదే. ఆటతోనే లెక్కలు వచ్చేస్తాయని మాత్రం అనుకోవద్దు.

అసలు బోర్డు కనబడుతోందా? ముందు కళ్లు చూపించండి. కళ్లు బాగున్నా, ఎంత నేర్పినా కష్టంగానే ఉంటే అది డిస్కాల్క్యులియా కావచ్చు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని కూడా గుర్తించింది. బడికి వెళ్లి సారుతో మాట్లాడండి. పలక వెంట తీసుకెళ్లండి. "కూడిక వచ్చు సార్, అంకె చోటు తప్పుతోంది" అని చూపించండి.