సబ్జెక్టులో తెలుగు గుర్తు చెదిరిపోతోంది

ప్రశ్న: మా రైతుల మెయిళ్లకు సబ్జెక్టులో ‘[వేరుశనగ]’ అని పెట్టి, అన్నీ ఒకే ఫోల్డరులో పడేలా ఫిల్టరు పెట్టుకున్నాం. జవాబులు కొన్ని బయటే ఉండిపోతున్నాయి. కొన్నిట్లో పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, నల్లచెరువు

జవాబు: తప్పు మీది కాదండీ. సబ్జెక్టు వరసను మొదట ఇంగ్లిషు అక్షరాలకే తయారుచేశారు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 అనే ఈమెయిలు ప్రమాణం ప్రకారం తెలుగును సంకేతాలుగా మార్చి పంపుతారు. అలా మార్చిన ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ‘వేరుశనగ’ ఒక్కటే 21 బైట్లు! సబ్జెక్టు పొడవైతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్షరం మధ్యలోనే తెంపేస్తాయి. పిచ్చి గుర్తులు అలా వచ్చినవే. కొన్ని ఫిల్టర్లు సంకేతాలను విప్పకుండానే వెతుకుతాయి, అప్పుడు జవాబులు ఫోల్డరు బయటే ఉండిపోతాయి.

జవాబిస్తే ముందు ‘రీ:’ చేరుతుంది కదా, అందుకని ఫిల్టరులో ‘దీనితో మొదలైతే’ బదులు ‘ఇది ఉంటే’ ఎంచుకోండి. గుర్తు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో, పొట్టిగా, మొదట్లోనే పెట్టండి. మిగతా సబ్జెక్టు తెలుగులోనే రాయండి, మానొద్దు.